పాత రాక్షసుడు, కొత్త పాచికలు

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట అది. తర్వాత 1989, 2000, 2008, 2014, 2024ల్లో నిబంధనలు మారుతూ వచ్చాయి. పాత పుస్తకాలు మాత్రం అటకెక్కలేదు. ఒక కూర్పులోని నిబంధనను మరోదానిలో కలిపి ఆడేవాళ్లు ఎందరో.

కలపడం అంత తేలిక కాదు. 1989 కూర్పులో కవచబలం అంకె తగ్గేకొద్దీ రక్షణ ఎక్కువ. 2000 నుంచి పెరిగేకొద్దీ ఎక్కువ. పాత అంకెను 20లోంచి తీసేస్తే కొత్తది వస్తుంది. లెక్క అక్కడితో తేలిపోతే బాగుండేది! ఓగర్ అనే రాక్షసుణ్ణే చూడండి. 1989లో వాడి కవచబలం 5, అంటే కొత్త లెక్కలో 15. ప్రాణబలం సగటున 19. 2014లో కవచబలం 11, ప్రాణబలం 59. పాతవాడికి దెబ్బ తగలడమే కష్టం, తగిలితే త్వరగా పడిపోతాడు. కొత్తవాడికి దెబ్బలు సులువుగా తగులుతాయి, కానీ ఓ పట్టాన కూలడు. ఒక్క అంకెను మార్చి ఊరుకుంటే పోరాటం రుచే మారిపోతుంది.

హాయిగా కలిసిపోయేది ధైర్యపరీక్ష. ఈ ఆట 1981 నాటి బేసిక్ పుస్తకంలో గాబ్లిన్లనే రాక్షసుల ధైర్యం 7. వాళ్లలో ఒకడు చచ్చాక రెండు పాచికలు వేస్తారు. మొత్తం 7 దాటితే పరుగే. 2014 రాక్షసుల పట్టికల్లో ఈ అంకె లేదు. తెచ్చి చేర్చినా మరే లెక్కా చెడదు. పాచికల్లో 8 పడింది, గాబ్లిన్లు చీకటి గుహలోకి పారిపోయారు. వెంటపడాలా, వదిలేయాలా? బల్ల చుట్టూ వాదన మొదలు.