నరాల పాఠమంటే వైద్య విద్యార్థికి భయమెందుకు?



పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకువస్తే, రావులపాలెం లాంటి ఊళ్లలో ముందుగా చూసేది సాధారణంగా నరాల నిపుణులు కాదు, ఎం.బి.బి.ఎస్. చదివిన డ్యూటీ డాక్టరు. ఆ డాక్టరు చదువుకునే రోజుల్లో అన్నిటికన్నా భయపడిన పాఠం నరాలదే కావచ్చు. 1994లో రాల్ఫ్ జోజెఫోవిచ్ అనే అమెరికా వైద్య అధ్యాపకుడు ఈ భయానికి ‘న్యూరోఫోబియా’ అని పేరే పెట్టారు. తరువాత బ్రిటన్, ఐర్లాండ్, సింగపూర్, శ్రీలంక విద్యార్థులను అడిగినా ఇదే తేలింది.

కాకినాడలో చేరినా, విశాఖలో చేరినా మెదడు, వెన్నుపాము, 12 జతల కపాల నాడులు మొదటి సంవత్సరంలోనే బట్టీ పట్టాలి. అప్పటికి రోగితో పరిచయమే తక్కువ. వార్డుకు వచ్చేసరికి ఆ పేర్లు సగం మరచిపోతారు. పైగా ఎం.బి.బి.ఎస్.లో నరాల వ్యాధులకు విడిగా పేపరు లేదు, జనరల్ మెడిసిన్‌లో ఒక భాగం మాత్రమే.

అసలు కష్టం వేరు. శివారు చేనుకు నీరందకపోతే తప్పు తూము దగ్గరా, లాకు దగ్గరా, పైన ధవళేశ్వరంలోనా అని వెతుక్కుంటూ పోవాలి కదా! నరాల పరీక్షా అంతే. చెయ్యి పడిపోయిందంటే లోపం చేతిలోనా, మెడలోనా, మెదడులోనా? మెదడులో ఎడమవైపు దెబ్బతింటే పడిపోయేది కుడి చెయ్యి. చిన్న సుత్తి, గుండుసూది, టార్చిలైటు పట్టుకుని విద్యార్థి ఇదంతా విప్పాలి. చూపించే గురువు పక్కన లేకపోతే బెదరడా మరి?

“కనిపెట్టినా చేసేదేముంది” అన్న నిరాశ కూడా ఒకప్పుడు ఉండేది. అది ఇప్పుడు చెల్లదు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి నాలుగున్నర గంటల లోపు వస్తే, తగినవారికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. సరైన మందులతో మూర్ఛ రోగుల్లో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బ్రతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పావురం రక్తం పూయడం, ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం వల్ల పోయేది సమయమే.

మా అనుభవంలో స్కాను కంటే ముందు డాక్టరుకు దారి చూపేది ఇంటివారి మాటే. మనిషి చివరిగా బాగున్నది ఎన్ని గంటలకు? ముందు పడిపోయింది మాటా, చెయ్యా? వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకురండి. ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంకొకరు సెల్‌ఫోనులో వీడియో తీస్తే ఆ డ్యూటీ డాక్టరుకు సగం పని తప్పుతుంది.