దూరపు బేరమున గుఱ్ఱము నమ్మువారు సొమ్ము పుచ్చుకొనవలసిన విధము

మానాపురము, అలమండ, బుడుమూరు, నారాయణవలస సంతలలో పశువు నమ్ము రైతునకు సొమ్ము విషయమై ఎవ్వరును బోధింప నక్కఱలేదు. దళారి తుండుగుడ్డ మఱుగున వ్రేళ్లు పట్టి ధర కుదుర్చును. కొనువాడు నోట్లు లెక్కించును. అమ్మువాడు సరిచూచుకొని పలుపు చేతికిచ్చును. సొమ్ము ఇటు వచ్చుటయు, పశువు అటు పోవుటయు ఒక్క నిమిషమున, ఒక్క చెట్టు క్రిందనే జరుగును. రెండింటి నడుమ ఎడము లేదు గనుక మోసమునకు చోటు తక్కువ.

గుఱ్ఱపు బేర మట్టిది కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మైదానమున గుఱ్ఱముల నుంచువారు కొలదిమంది. పాడేరు, చింతపల్లి మన్యపు కొండ ఊళ్లలో సంతసరకులు మోయుటకు పొట్టి గుఱ్ఱములు నేటికిని ఉపయోగపడుచున్నవి. మైదానమున పెండ్లి ఊరేగింపులకును, స్వారి సరదాకును కొందఱు మేలుజాతి గుఱ్ఱములను పెంచుదురు. ఉంచువారు తక్కువ గనుకనే కొనువారును ఇరుగు పొరుగు గ్రామములలో దొరకరు. రాయపూరులోనో, భువనేశ్వరములోనో, హైదరాబాదులోనో ఉన్నవాడు ఫోనులో బొమ్మ చూచి బేరమాడును. అప్పుడు సొమ్మొక నాడు, గుఱ్ఱమొక నాడు కదలవలసి వచ్చును. ఏది ముందు కదలవలెననుటయే ఇందలి ప్రశ్న. ఒంగోలు కోడెలను, ముఱ్ఱా గేదెలను దూరమునకు అమ్ము రైతులకును ఇదియే ప్రశ్న గనుక ఇందు చెప్పబడినది వారికిని వర్తించును.

పూర్వ మీ చిక్కును రైలు రశీదు తీర్చెను. 1893–96 సంవత్సరముల నడుమ బెజవాడ నుండి కటకము వఱకు రైలుదారి పడిన పిమ్మట ఈ ప్రాంతపు సరకు దూరపు బజారులకు పోసాగెను. 1931లో విజయనగరము, రాయపూరుల నడుమ మార్గము పూర్తియయ్యెను. తెలివిగల వర్తకుడు సరకును కొనువాని పేర గాక తన పేరనే పంపి, రశీదును బ్యాంకి ద్వారా కొనువాని ఊరికి చేర్చును. కొనువాడు బ్యాంకిలో సొమ్ము కట్టినగాని రశీదు రాదు. రశీదు చూపినగాని స్టేషనులో సరకు రాదు. సరకు ముందుగా కదలినను దానిపై అధికారము మాత్రము కదలలేదన్నమాట. ఐతే ప్రాణముగల సరకునకు ఈ ఉపాయము పూర్తిగా అమరదు. బెల్లపు దిమ్మలు గోదాములో పదిదినము లుండగలవు. గుఱ్ఱమునకు పూటపూటకు మేతయు నీరును కావలెను. పుస్తకమునకును గడియారమునకును వి.పి. పోస్టు చాలెను గాని గుఱ్ఱమును పార్సెలు కట్టు పోస్టాఫీసు ఎన్నడును లేదు. అందుచేత గుఱ్ఱముతో నమ్మకమైన మనిషిని పంపుట ఏర్పడెను. ఆ మనిషియే రశీదు వంటివాడు.

చట్టము కూడ ఈ త్రోవనే నడచుచున్నది. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము నేటికిని అమలులో నున్నది. అరువు మాట లేని బేరమున, సొమ్ము ముట్టువఱకు సరకును తనయొద్దనే పట్టుకొని యుంచుకొనుటకు అమ్మినవానికి హక్కు కలదని దాని 47వ సెక్షను చెప్పుచున్నది. కాని 49వ సెక్షనును చదువని రైతు నష్టపడును. సరకుపై అధికారమును తన కుంచుకొనక, కొనువానికి చేర్చుమని బండివానికో, లారీవానికో అప్పగించినతోడనే ఆ హక్కు పోవును. అధికారము నిలుపుకొను దారిని 25వ సెక్షను చూపుచున్నది: సొమ్ము చెల్లినగాని సరకు ఇయ్యరాదను షరతును ముందుగానే పెట్టుకొనవలెను. ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. అమ్మినవాని సమ్మతితో గుఱ్ఱమును చేత పట్టిన కొనుగోలుదారుడు దానిని మూడవవానికి అమ్మివేసెననుకొందము. ఆ మూడవవాడు ఈ బాకీ సంగతి యెఱుగక సద్బుద్ధితో కొనియుండినచో, 30వ సెక్షను ప్రకారము వాని కొనుగోలు నిలుచును. పిమ్మట అమ్మినవానికి మిగులునది మొదటివానిపై సొమ్ము దావా మాత్రమే. గుఱ్ఱము తిరిగి రాదు.

కావున ఒక్క నియమము చాలును: సొమ్ము తన ఖాతాలో పడి, ఎవ్వరును వెనుకకు తీసికొనలేని స్థితికి వచ్చినదాక కళ్లెము చేయి మారరాదు. ఏ చెల్లింపు ఎప్పుడు ఆ స్థితికి వచ్చుననునది తెలిసికొనుటయే మిగిలిన పని.

నగదు చేతబడినప్పుడే ముగిసిన చెల్లింపు. ఐనను 2017 ఏప్రిల్ 1వ తేదీ నుండి ఒక్క బేరమునకు రెండు లక్షల రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టముచే నిషేధింపబడినది. అతిక్రమించినవానికి పుచ్చుకొన్నంత సొమ్మును జరిమానాగా పడవచ్చును. ఒకే బేరపు సొమ్మును రెండు మూడు దినములుగా చీల్చి పుచ్చుకొన్నను నిషేధము తప్పదు. పైగా అంత మొత్తముతో రాత్రివేళ రహదారిపై ప్రయాణము చేయుటయు మంచిది కాదు.

చెక్కు విషయమున రైతులలో ఒక భ్రమ కలదు. చెక్కు చేతికి వచ్చినచో సొమ్ము వచ్చినట్లే యనుకొందురు. చట్టము అట్లనుకొనుట లేదు. చెల్లునను నమ్మకముపై పుచ్చుకొన్న చెక్కు తిరిగి వచ్చినచో, ఆ అమ్మినవాడు సొమ్ము ముట్టనివాడే యని పై చట్టపు 45వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. 2025 అక్టోబరు 4వ తేదీ నుండి బ్యాంకులు చెక్కులను దినమంతయు క్లియరు చేయుచున్నందున, పూర్వమువలె రెండు మూడు దినములు వేచియుండ నక్కఱ తగ్గినది. ఇది మేలే. ఐనను చెక్కు వేసిన వెంటనే పాసుపుస్తకమున కనబడు అంకె వేఱు, వాడుకొనుటకు వీలైన నిలువ వేఱు. "ఖాతాలో వేసితిని, చూచుకొనుడు, గుఱ్ఱమును పంపుడు" అని తొందరపెట్టు కొనుగోలుదారులు ఈ తేడాపైననే బ్రదుకుచున్నారు. చెక్కు చెల్లినదా యని బ్యాంకివారినే అడుగవలెను.

తిరిగివచ్చిన చెక్కునకు 138వ సెక్షను ప్రకారము నేరపు ఫిర్యాదు చేయవచ్చును. ఇది 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమున 1989 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. చెక్కు తిరిగినదని బ్యాంకి తెలిపిన 30 దినములలో నోటీసు ఇయ్యవలెను. నోటీసు అందిన పిమ్మట 15 దినములలో కొనువాడు చెల్లింపనియెడల నెలలోపల ఫిర్యాదు వేయవలెను. 2015లో చేసిన మార్పు వలన, చెక్కును తన ఖాతాలో వేసిన రైతు తన బ్యాంకి శాఖ యున్న చోటి కోర్టులోనే ఈ ఫిర్యాదు చేయవచ్చును. శ్రీకాకుళపు రైతు రాయపూరు కోర్టు మెట్లెక్క నక్కఱలేదు. శిక్ష రెండేండ్ల వఱకు ఖైదు గాని, చెక్కు మొత్తమునకు రెండింతల వఱకు జరిమానా గాని, రెండును గాని కావచ్చును. కాని కోర్టు పని యేండ్ల తరబడి సాగును. గుఱ్ఱము పోయిన దినముననే పోవును.

డిమాండు డ్రాఫ్టు చెక్కుకంటె గట్టిది, ఏలయన బ్యాంకి ముందుగానే సొమ్ము పుచ్చుకొని దానిని వ్రాసియిచ్చును. 2018 సెప్టెంబరు 15వ తేదీ తరువాత వ్రాసిన డ్రాఫ్టుపై దానిని కొన్నవాని పేరు కూడ ఉండవలెను. ఆ పేరు లేనిదానిని అనుమానింపవలెను. దొంగ డ్రాఫ్టులును గలవు గనుక కాగితముపై నున్న ఫోను సంఖ్యను నమ్మక, తన బ్యాంకి ద్వారా విచారించి, సొమ్ము జమయైన పిమ్మటనే పశువును కదలింపవలెను.

ఖాతా నుండి ఖాతాకు నేరుగా పంపుటయే దూరపు బేరమునకు అన్నిటికంటె తగినది. ఇందును రెండు లక్షలు మొదలు పై మొత్తములకు ఆర్.టి.జి.ఎస్. శ్రేష్ఠము. ఒక్కొక్క చెల్లింపు విడిగా అప్పటికప్పుడు తీరును. తీరిన పిమ్మట పంపినవాడు వెనుకకు లాగుకొనలేడు. 2020 డిసెంబరు 14 నుండి ఇది రాత్రింబగళ్లు, సెలవు దినములలోను నడచుచున్నది. రెండు లక్షలకు తక్కువైనచో నెఫ్టు చాలును. అది అరగంట కొకసారి జట్టుగా తీరును గనుక కొంచెము వేచియుండవలెను. యూ.పీ.ఐ. చిన్న మొత్తములకు, ముఖ్యముగా బయానాకు అనుకూలము. సామాన్యముగా మనిషి నుండి మనిషికి దినమునకు లక్ష రూపాయలే దాని హద్దు.

ఉదాహరణకు రు. 2,40,000 లకు బేరము కుదిరినదనుకొందము. కొనువాడు మొదట రు. 40,000 లు యూ.పీ.ఐ. ద్వారా బయానా పంపును. బయానా మొత్తము లారీ రాకపోకల బాడుగకు తక్కువ కారాదు. కారణము చివర తెలియగలదు. పిమ్మట కొనువాడు తాను గాని, తనకు నమ్మకమైన పశువైద్యుడు గాని వచ్చి గుఱ్ఱమును చూచును. పళ్లు, గిట్టలు, నడక, ఊపిరి అన్నియు అప్పుడే చూచుకొనవలెను. గుఱ్ఱములకు వచ్చు గ్లాండర్సు వ్యాధి మనుష్యులకును అంటునది గనుక రక్తపరీక్ష కాగితము అడుగుట న్యాయమే. పరీక్ష ఖర్చు ఎవరిదో బయానా నాడే వ్రాసికొనవలెను. లారీ ఎక్కింపబోవు నాడు మిగిలిన రు. 2,00,000 లు ఆర్.టి.జి.ఎస్. ద్వారా రావలెను. రైతు తన పాసుపుస్తకములోనో, ఏ.టి.ఎం. చీటిలోనో జమ చూచుకొని అప్పుడు కళ్లెము విడువవలెను. బ్యాంకి పని దినమున ఉదయమున లారీ ఎక్కించుట మేలు. ఏదైన సందేహము వచ్చినచో మేనేజరు నడుగుటకు వీలుండును.

అమ్మకపు కాగితమున గుఱ్ఱపు రంగు, వయస్సు, సుడులు, మచ్చలు, ధర, బయానా, మిగిలిన సొమ్ము వచ్చు విధము, లారీ సంఖ్య, డ్రైవరు పేరు ఉండవలెను. ఆవులు, గేదెలైనచో చెవిపోగుపై నున్న 12 అంకెల సంఖ్యను వ్రాయవలెను. మిగిలిన సొమ్ము ముట్టినగాని గుఱ్ఱమును కొనువానికి అప్పగింపరాదను మాటయు ఇందే ఉండవలెను. ఈ ఒక్క పంక్తియే పై 25వ సెక్షను కోరు షరతు.

కొనువాని పేరును, సొమ్ము పంపిన ఖాతాదారుని పేరును ఒక్కటియై యుండవలెననుట చాలమంది పాటింపని జాగ్రత్త. "మా బావమఱది పంపును, మా మిత్రుడు పంపును" అన్నచో ఒప్పుకొనరాదు. ఆ సొమ్ము మఱియొకని మోసగించి తెచ్చినదైనచో, ఆ మోసపోయినవాని ఫిర్యాదుపై రైతు ఖాతాలోని సొమ్ము నిలిపివేయబడవచ్చును. గుఱ్ఱమును పోవును, సొమ్మును స్తంభించును. అమ్మకపు కాగితము, కొనువాని గుర్తింపు కాగితపు నకలు ఉన్నచో తన నిజాయితీని చూపుటకు ఆధారముండును.

ఫోను బేరములలో కొన్ని మోసములు మరల మరల కనబడుచున్నవి. సైన్యోద్యోగినని చెప్పి, గుఱ్ఱమును చూడకయే అడిగిన ధరకు ఒప్పుకొనువాడు మొదటివాడు. గుఱ్ఱమును చూడక కొనువాడు లోకములో అరుదు. ధర తగ్గింపు మనని కొనుగోలుదారుడు అంతకంటెను అరుదు. తరువాత వాడు ఒక గళ్ల చతురపు బొమ్మను పంపి, దానిని ఫోనుతో చూచి పిన్ను నొక్కుడు, సొమ్ము వచ్చుననును. పిన్ను నొక్కుట సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కఱలేదు. ఇంకొకడు రు. 40,000 లకు బదులు పొరపాటున రు. 60,000 లు పంపితిననియు, ఎక్కువైనది తిరిగి యిమ్మనియు బ్రతిమాలును. చూపిన సందేశము బ్యాంకిది కాదు, వాడు తన పది అంకెల ఫోనునుండి వ్రాసినదే. నిజముగా ఎక్కువ వచ్చినచో తన బ్యాంకి ద్వారా తిరిగి పంపవలెనుగాని తానై పంపరాదు. చెల్లింపు జరిగినట్లు చూపు బొమ్మలును ఇట్టివే: వానిని కల్పించుట నిమిషపు పని.

మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సరకుల విక్రయ చట్టము పుట్టిన సంవత్సరమును ఇదే అంకె గనుక రెండును జ్ఞాపకముండును. తొలి గంటలలో తెలిపినచో, ఆ సొమ్ము ఇంకను ఏదో ఒక ఖాతాలో నున్నయెడల నిలుపుటకు వీలుండును. తెల్లవాఱిన పిమ్మట చెప్పుదమని ఊరకుండరాదు.

లారీ కదలిన తరువాత కొనువాడు బాకీలు తీర్పలేని స్థితికి వచ్చెనని తెలిసినచో మఱియొక దారి కలదు. గుఱ్ఱము కొనువాని చేతికి చేరక దారిలోనే యున్నంతసేపు, 50వ సెక్షను ప్రకారము దానిని నిలిపివేయవచ్చును. లారీ యజమానికి నోటీసు ఇయ్యవలెను. అది డ్రైవరునకు అందునంత వ్యవధి యుండవలెను. లారీ సంఖ్యయు డ్రైవరు ఫోను సంఖ్యయు వ్రాసికొనినవానికే ఇది సాధ్యము. నోటీసు అందినతోడనే బండివారు గుఱ్ఱమును అమ్మినవానికి తిరిగి అప్పగింపవలెను. కాని తిరిగి తెచ్చు ఖర్చు 52వ సెక్షను ప్రకారము అమ్మినవానిదే. బయానా మొత్తము లారీ రాకపోకల బాడుగకు తక్కువ కారాదనుట ఇందులకే.