నాలుగవ కూత: అమెరికన్ ఫుట్‌బాల్ లెక్కలు

ఫిబ్రవరి మాసంలో ఒక సోమవారం ఉదయం. సింగపూరులో జనమంతా ఉద్యోగాలకు, బడులకు పరుగులు తీసే వేళ. అమెరికాలో అది ఇంకా ఆదివారం సాయంకాలమే. ఇక్కడి కాలమానం ప్రకారం ఏడున్నర ప్రాంతంలో అక్కడ సూపర్ బౌల్ ఆట ఆరంభమవుతుంది. న్యూజెర్సీలో స్థిరపడిన అన్నయ్య ఫోనులో "ఫోర్త్ డౌన్‌లో అనవసరంగా పంట్ చేశారురా!" అని వాపోతే సింగపూరు తమ్ముడికి ఒక్క ముక్క బోధపడదు. నిజానికి డౌన్, పంట్ అనే ఆ రెండు మాటల అంతరార్థం గ్రహిస్తే ఆ ఆటలో సగం గ్రహించినట్లే. అందుకు సింగపూరు పిల్లలెరిగిన రగ్బీ కొంత, తెలుగు పెద్దలెరిగిన చెడుగుడు కొంత తోడ్పడతాయి.

ఇక్కడి సెయింట్ ఆండ్రూస్, ఆంగ్లో-చైనీస్ వంటి పాఠశాలల్లో పిల్లలు ఆడే రగ్బీ నుండే అమెరికన్ ఫుట్‌బాల్ పుట్టినది. రగ్బీలో బంతి పట్టినవాడు నేలకూలితే బంతిని వదలవలసిందే. దానికోసం పెనుగులాట మళ్ళీ మొదలవుతుంది. అమెరికా కళాశాలల వారు 1880లో ఈ పద్ధతిని మార్చి, పడిపోయినా బంతి ఆ జట్టుదే అన్నారు. దానితో కొత్త రోగం పుట్టుకొచ్చింది. 1881లో ప్రిన్స్‌టన్, యేల్ విశ్వవిద్యాలయాలు తలపడినప్పుడు మొదటి సగమంతా ఒక జట్టు, రెండవ సగమంతా మరొక జట్టు బంతిని కౌగిలించుకొని కూర్చున్నవి. ఒక్క పాయింటూ రాలేదు. చూడవచ్చిన వారికి మిగిలింది ఆవులింతలే.

మరుసటి యేడు వాల్టర్ క్యాంప్ అనే యేల్ పట్టభద్రుడు దీనికొక మందు కనిపెట్టాడు. మూడు ప్రయత్నాలలో ఐదు గజాలైనా ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటి జట్టుది. ఈ ప్రయత్నానికే 'డౌన్' అని పేరు. బంతి పట్టినవాడిని నేలమీదికి పడగొట్టడంతో ప్రయత్నం ముగుస్తుంది కనుక ఆ పేరు సార్థకమే. దూరం కొలవడానికి మైదానం పొడవునా అడ్డగీతలు గీశారు. అవి మాంసం కాల్చే ఇనుప కమ్మీల చట్రంలా కనిపించడంతో ఆ మైదానానికి 'గ్రిడ్ ఐరన్' అన్న పేరు వచ్చినది. 1906లో ఐదు గజాలు పది అయినవి. 1912లో మూడు ప్రయత్నాలు నాలుగైనవి. నేటికీ అదే నియమం.

ఇదే రోగం చెడుగుడుకూ ఉన్నది. ఆధిక్యంలో ఉన్న జట్టువాడు కూతకు వెళ్ళి, ఎవరినీ ముట్టకుండా కాలం వెళ్ళబుచ్చి, క్షేమంగా గీత దాటి ఇంటికి వస్తాడు. 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగులో దీనికి విరుగుడుగా 'డూ ఆర్ డై' నియమం పెట్టారు. తెలుగు టైటన్స్ ఆటలు చూసేవారికి అది సుపరిచితమే. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడవ కూతలో పాయింటు తెచ్చి తీరాలి. లేకుంటే కూతకు వెళ్ళినవాడు ఔట్. నూట ముప్పై ఏళ్ళ ఎడంలో, భూగోళానికి రెండు వైపులా, ఒకే రోగానికి ఒకే మందు!

అయితే ఒక ముఖ్యమైన భేదమున్నది. చెడుగుడులో ఆ చివరి కూతకు వెళ్ళినవాడికి వేరే దారి లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగవ డౌన్ ముందు మూడు దారులుంటాయి. ఆట పొడవు నూరు గజాలు. ఇరుకొసలా పదేసి గజాల 'ఎండ్ జోన్'. అందులోకి బంతిని చేర్చితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆపై ఒక చిన్న తన్నుతో సాధారణంగా మరొకటి కలిసి 7 అవుతాయి. నాలుగవ డౌన్‌లో ధైర్యం చేసి మిగిలిన గజాలకోసం ప్రయత్నించవచ్చును. దగ్గరలో ఉంటే బంతిని స్తంభాల నడుమకు తన్ని 'ఫీల్డ్ గోలు'తో 3 పాయింట్లు తెచ్చుకోవచ్చును. లేదా 'పంట్' చేయవచ్చును. అంటే బంతిని వీలైనంత దూరం తన్ని, కోరికోరి ప్రత్యర్థికి అప్పగించడమన్న మాట. వినడానికి వింతగానే ఉంటుంది గానీ, ప్రయత్నం విఫలమైతే ప్రత్యర్థి అక్కడినుండే దాడి మొదలుపెడతాడు. పంట్ చేసినవాడు బంతినిచ్చి భూమిని కొంటున్నాడు.

మిగిలిన మాటలు కష్టమైనవి కావు. బంతిని వెనుకకు అందించి ఆట మొదలుపెట్టడం 'స్నాప్'. దానిని అందుకొని ఎవరికివ్వాలో నిర్ణయించేవాడు 'క్వార్టర్‌బ్యాక్'. అతనిమీదికి రక్షకులు అదనంగా విరుచుకుపడటం 'బ్లిట్జ్'. ఆటగాళ్ళు గుండ్రంగా చేరి మంతనాలాడటం 'హడిల్'. 1890 దశకంలో గాలుడెట్ అనే బధిరుల కళాశాల జట్టు తమ చేతి సైగలు ఎదుటివారి కంటబడకుండా ఇలా గుమికూడటంతో ఇది మొదలైనదని చెబుతారు.

ఇంతకూ నాలుగవ డౌన్‌లో ఏది మేలు? శాస్త్రీయంగా లెక్క వేసినవారిలో ప్రథముడు ఒక ఆటగాడే కావడం విశేషం. సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, ఆచార్య రాబర్ట్ మకోల్‌తో కలిసి 1971లో ఒక పరిశోధనా వ్యాసం ప్రకటించాడు. మైదానంలో ఎక్కడ బంతి దొరికితే దాని సగటు విలువ ఎన్ని పాయింట్లో అందులో గణించారు. ఎత్తునుబట్టి వస్తువుకు స్థితిశక్తి ఉన్నట్లే, స్థానాన్నిబట్టి బంతికొక విలువ. తన ఎండ్ జోన్ సమీపంలో బంతి చేతికి చిక్కితే ఆ విలువ సున్నకంటె తక్కువ!

2006లో ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ ఈ లెక్కను ముందుకు తీసుకుపోయాడు. లక్ష్యం రెండు గజాల దూరంలో ఉన్నదనుకుందాం. ఫీల్డ్ గోలు తన్నితే 3 పాయింట్లు దాదాపు ఖాయం. టచ్‌డౌన్‌కు ప్రయత్నిస్తే ఏడింట మూడు పాళ్ళు 7 పాయింట్లు వచ్చే అవకాశం. సగటున అదీ 3 పాయింట్లే. మరి తేడా ఎక్కడ? ప్రయత్నం విఫలమైనా ప్రత్యర్థి తన గుమ్మం ముందు, రెండు గజాల ఇరుకులో ఇరుక్కొని ఉంటాడు. ఫీల్డ్ గోలు తరువాత అయితే అతడికి చాలా మెరుగైన చోటు దొరుకుతుంది. కనుక ప్రయత్నించడమే మేలు. కానీ లెక్క 'ప్రయత్నించు' అన్న సందర్భాలలో సుమారు పదింట తొమ్మిది సార్లు జట్లు తన్నడానికే మొగ్గినట్లు రోమర్ చూపాడు. శిక్షకులకు కూడికలు రాక కాదు. అందరూ చేసినట్లు తన్ని ఓడితే ఎవరూ తప్పుపట్టరు. ప్రయత్నించి ఓడితే తప్పు ఒకడి నెత్తినే పడుతుంది.

ఆ భయాన్ని పక్కకు నెట్టిన ఘట్టం 2018 ఫిబ్రవరి 4న, సింగపూరులో 5వ తేదీ ఉదయం, సూపర్ బౌల్‌లో కనబడింది. మొదటి సగం ముగియడానికి 38 సెకండ్లున్నవి. ఫిలడెల్ఫియా ఈగిల్స్ 15, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 12. నాలుగవ డౌన్, ఒక్క గజం దూరం. ఈగిల్స్ తన్నలేదు. బంతి ముగ్గురి చేతులు మారి, సాధారణంగా తాను విసిరే క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ చేతికే ఎండ్ జోన్‌లో చేరినది. 41-33తో ఈగిల్స్ గెలిచినవి.

ఇప్పుడు జట్లు గణితజ్ఞులను కొలువులో పెట్టుకొని నాలుగవ డౌన్‌లో మునుపటికంటె తరచుగా ప్రయత్నిస్తున్నవి. అయినా 2024 జనవరి 28న డెట్రాయిట్ లయన్స్ కథ వేరుగా నడిచింది. సగం ఆటకు 24-7 ఆధిక్యంలో ఉన్న ఆ జట్టు, ఫీల్డ్ గోలుకు అవకాశమున్నా రెండవ సగంలో రెండుసార్లు నాలుగవ డౌన్‌లో ప్రయత్నించి విఫలమైనది. శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 34-31తో ఓడినది. తేడా మూడు పాయింట్లు, అనగా సరిగ్గా ఒక ఫీల్డ్ గోలు. విమర్శలు వెల్లువెత్తినవి. ఆ నిర్ణయాలకు చింతించడం లేదని శిక్షకుడు డాన్ క్యాంప్‌బెల్ ఆనాడే విలేఖరులతో చెప్పాడు.