నాలుగు ట్రంపెట్ల మేళము

ఇత్తడి వాద్యములనగానే మన చదువరులకు పెండ్లి యూరేగింపులలోని బ్యాండుమేళము జ్ఞప్తికి వచ్చును. అమెరికా దేశమున 1967వ సంవత్సర ప్రాంతమునుండి కొన్ని మేళములవారు ఈ వాద్యములకే 'రాక్' సంగీతమున, విద్యుత్ గిటారు సరసన, ముఖ్యస్థానమొసంగిరి. చికాగో, బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ అను మేళములు ఇందు సుప్రసిద్ధములు. మేమిచ్చట చెప్పబూనినది వాని నీడలో మరుగుపడిన 'చేస్' మేళమును గూర్చి.

దీని స్థాపకుడు బిల్ చేస్. ఆయన 1934లో మసాచుసెట్స్ రాష్ట్రమున జన్మించి, వుడీ హెర్మన్ మొదలగువారి జాజ్ మేళములలో ప్రధాన ట్రంపెట్ వాదకుడై, పలువురికి అందని తారస్థాయి స్వరములను పలికించి పేరొందెను. ట్రంపెట్టునకు నొక్కుడు మీటలు మూడే. ఒకే మీటను నొక్కి యుంచినను అనేక స్వరములు పలుకును. వానిలో ఏది పలుకవలయునో నిర్ణయించునవి పెదవుల బిగువును, ఊపిరి వేగమును. పైకి పోయినకొలది ఆ స్వరములు దగ్గరదగ్గరగా నుండును గనుక పెదవి ఇసుమంత సడలినను ప్రక్కస్వరము పలుకును. మేమొకసారి ఊదబోయి గాలిని మాత్రమే వెలువరించితిమి.

1970లో ఆయన తొమ్మండుగురతో మేళము కట్టెను. తక్కిన మేళములవారు ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ కలిపి వాడుచుండగా, ఈయన నాలుగు ట్రంపెట్లనే ముందు నిలిపెను. 1971లో వెలువడిన మొదటి రికార్డులోని 'గెట్ ఇట్ ఆన్' అను పాటలో ఆ నాలుగును, మెట్లమీదుగా నీరు దిగినట్లు, ఒకదాని వెంట నొకటి పైనుండి జారుచుండును. ఆ పాట బిల్‌బోర్డు పట్టికలో 24వ స్థానమునందెను. ఉత్తమ నూతన కళాకారుల గ్రామీ బహుమతికి మేళము పేరు ప్రతిపాదింపబడెను. బహుమతి మాత్రము కార్లీ సైమన్ అను గాయనికి దక్కెను.

1972లో రెండవ రికార్డు వచ్చెను. దాని పేరు 'ఎన్నియా'. గ్రీకు భాషలో తొమ్మిది అని యర్థము. అది తయారగుచుండగనే గాయకుడును, డ్రమ్ము వాయించువాడును మారిరి. అందొక ప్రక్కయంతయు గ్రీకు దేవతలను గూర్చిన యొకే దీర్ఘరచన. మా మట్టుకు మొదటిదానికన్న ఇదియే సాహసకృత్యము. కాని రేడియోవారికి కావలసినవి చిన్న పాటలు గదా! తరువాత మేళము కొంతకాలము చెదరిపోయెను. బిల్ చేస్ క్రొత్తవారిని కూర్చుకొని 1974లో 'ప్యూర్ మ్యూజిక్' అను మూడవ రికార్డును తెచ్చెను. ఇందు పాటకంటె వాద్యమునకే ప్రాధాన్యము.

ఆ సంవత్సరమే ఆగస్టు 9వ తేదీన, మిన్నెసోటా రాష్ట్రములోని జాక్సన్ కౌంటీ ప్రదర్శనలో వాయించుటకు పోవుచుండగా, అద్దె విమానము కూలి ఆయన మరణించెను. అప్పటికాయనకు 39 ఏండ్లు. గిటారు, డ్రమ్ములు, కీబోర్డు వాయించు మువ్వురును ఆయనతోడనే గతించిరి. తక్కిన ట్రంపెట్ వాదకులు ఆ విమానమున లేరు. అయినను, నాలుగవ రికార్డు పని యక్కడనే నిలిచిపోయెను.