అక్వేరియంలో రొయ్యలు, పీతలు ఒక్కొక్కటిగా మాయం.. ట్రిగ్గర్ ఫిష్ తెచ్చే ముందు ఇవి తప్పక తెలుసుకోండి!

షాపులో చూడగానే నచ్చేసే చేప అది. ఒంటి నిండా రంగురంగుల గీతలు, చుక్కలు.. మనం దగ్గరికి వెళ్తే చాలు, గుర్తుపట్టినట్టు గాజు దగ్గరికి వచ్చేస్తుంది. అదే ట్రిగ్గర్ ఫిష్. కానీ పగడాలు, రొయ్యలు, నత్తలు ఉండే ఉప్పునీటి రీఫ్ ట్యాంక్‌లో దీన్ని వదిలితే.. కొద్ది రోజుల్లోనే ఒక్కో జీవి కనిపించకుండా పోవచ్చు. మరి అన్ని ట్రిగ్గర్ ఫిష్‌లూ ఇంతేనా? కాదు. ఏ రకం తెచ్చారన్నదే ఇక్కడ అసలు విషయం.

ఆ పేరెలా వచ్చింది?

దీని వీపు మీద మొదటి ముల్లు నిటారుగా లేస్తే, వెనకున్న రెండో ముల్లు దాన్ని లాక్ చేసేస్తుంది. రెండో ముల్లు నొక్కితేనే మొదటిది కిందికి వాలుతుంది. అచ్చం తుపాకీ ట్రిగ్గర్‌లా! భయం వేసినా, రాత్రి నిద్రపోవాలన్నా రాళ్ల సందులో దూరి, ముల్లు లేపి బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని బయటకు లాగడం ఎవరి వల్లా కాదు. ఇవి ప్రపంచంలో దాదాపు 40 రకాలు ఉన్నాయి.

రొయ్యలంటే ఎందుకంత పగ?

పగేం కాదు.. అది దాని తిండి. చాలా రకాల ట్రిగ్గర్ ఫిష్‌లు సముద్రంలో పీతలు, నత్తలు, సీ అర్చిన్‌లు తిని బతుకుతాయి. గట్టి పెంకును కూడా పగలగొట్టే పళ్లు, దవడలు వీటి సొంతం. క్వీన్ ట్రిగ్గర్ అయితే నోటితో నీళ్లు ఊది సీ అర్చిన్‌ను బోర్లా తిప్పేస్తుంది. ముళ్లు తక్కువగా ఉండే అడుగు వైపు నుంచి కొరుక్కు తింటుంది. ఇలాంటి చేపకు రొయ్యల్ని తినొద్దని నేర్పించడం అయ్యే పని కాదు.

వీటి జోలికి వెళ్లొద్దు

క్లౌన్, క్వీన్, పికాసో, అన్‌డ్యులేటెడ్, టైటాన్.. ఈ రకాలు రీఫ్ ట్యాంక్‌కు అస్సలు సెట్ కావు. షాపులో వేలెడంత ఉన్న క్లౌన్ ట్రిగ్గర్ పెరిగితే 50 సెంటీమీటర్ల వరకు వస్తుంది. టైటాన్ 75 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గూడు దగ్గరికి వచ్చిన డైవర్లనే వెంటపడి కరిచే రకం ఇది.

వీటికి ఛాన్స్ ఇవ్వొచ్చు

బ్లూ జా, క్రాస్‌హ్యాచ్, సర్గాసమ్ ట్రిగ్గర్‌లు కాస్త వేరు. ఇవి నీటి మధ్యలో ఈదుతూ, కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని అంటే ప్లాంక్టన్‌ను తింటాయి. అడుగున రాళ్లను తవ్వి వేటాడే అలవాటు తక్కువ. అందుకే పగడాలున్న ట్యాంక్‌లో ఎక్కువ మంది పెంచేది వీటినే. నైజర్, పింక్ టెయిల్ రకాలను కూడా కొందరు పెంచుతున్నా, రిస్క్ ఎక్కువే. పెద్దయ్యాక రొయ్యల మీద పడే అవకాశం ఉంది. ఒకే రకంలోనూ ఒక్కో చేపది ఒక్కో తీరు కాబట్టి, ఏ ట్రిగ్గర్‌కూ వంద శాతం గ్యారంటీ లేదు.

ఏది ముందు? ఏది తర్వాత?

రొయ్యలు, హెర్మిట్ క్రాబ్‌లు, నత్తలను ముందే ట్యాంక్‌లో వదలాలి. అవి దాక్కునే చోట్లు వెతుక్కుని అలవాటు పడ్డాక, చివరగా ట్రిగ్గర్‌ను తేవాలి. రివర్స్‌లో చేస్తే మాత్రం.. పైనుంచి కొత్తగా పడే రొయ్యను అది మేతే అనుకుంటుంది. లటుక్కున మింగేస్తుంది.

* మేత: కడుపు నిండితే వేట తగ్గుతుంది. రోజుకు రెండు మూడు సార్లు మైసిస్, క్రిల్ లాంటివి కొద్దికొద్దిగా వేయాలి. దీని పళ్లు పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే అప్పుడప్పుడు పెంకుతో ఉన్న రొయ్య ముక్కలు కూడా ఇవ్వాలి.
* ట్యాంక్: బ్లూ జాకు కూడా కనీసం 125 గ్యాలన్లు, అంటే దాదాపు 475 లీటర్ల ట్యాంక్ ఉంటే మంచిది.
* నీళ్లు: తిండి ఎక్కువైతే వ్యర్థాలూ ఎక్కువే. మంచి ప్రోటీన్ స్కిమ్మర్ పెట్టి, క్రమం తప్పకుండా నీళ్లు మార్చకపోతే ముందు దెబ్బతినేది పగడాలే.
* మూత: ఇవి ఎగిరి బయట పడే చేపలు. మూత మర్చిపోవద్దు.

తేడా కొడితే ఏం చేయాలి?

రొయ్య మీద దాడి మొదలైతే ఆలస్యం చేయకుండా చేపను వేరే ట్యాంక్‌కు మార్చాలి. వల వాడితే ముల్లు చిక్కుకుని చేపకు గాయమవుతుంది. ప్లాస్టిక్ డబ్బాతో పట్టుకోవడమే సేఫ్. ఒకసారి రాళ్లలో దూరిందంటే మాత్రం, పగడాలు అతికించిన రాళ్లన్నీ కదిలించాల్సి వస్తుంది. అందుకే రెండో ట్యాంక్ గానీ, చేపను వెనక్కి తీసుకునే షాపు గానీ ముందే చూసుకోవాలి. తీసుకెళ్లి సముద్రంలో వదిలేయడం మాత్రం చేయొద్దు. ట్యాంక్‌లోని రోగాలు అక్కడి చేపలకు అంటుకునే ప్రమాదం ఉంది.

మన దగ్గర ఇది కూడా చూసుకోవాలి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రీఫ్‌ను కట్టే పగడాలు, సీ ఫ్యాన్‌లు, సముద్ర దోసకాయలు షెడ్యూల్-1లో ఉన్నాయి. మన సముద్రాల్లోంచి వీటిని తీయడం, అమ్మడం నేరం. 'బతికున్న పగడం చవగ్గా ఇస్తాం' అని ఎవరైనా చెబితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో, కాగితాలు ఏమున్నాయో అడగండి. సరైన సమాధానం రాకపోతే కొనొద్దు.