మరల బిగించిన పాత కారు ఒకవైపు ఒరుగుట యెందుకు?

ఆలూరు ప్రాంతమున నల్లరేగడి నేలలు హెచ్చు. ఈ నేల వాన తగిలిన ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానిమీద త్రోవ ఎంత బాగుగా వేసినను కొన్నాళ్లకు ఎగుడుదిగుడగుట సహజము. అట్టి దారిని ఆదోనికి బయలుదేరిన పాత అంబాసడరు కారు నొకదానిని ఊహించుకొనుడు. ముందుభాగమంతయు విప్పి, కడిగి, క్రొత్త బుష్షులు వేసి బిగించినారు. రంగు మెఱయుచున్నది. కాని బండి ఎడమకు ఒరిగి నిలుచును. వేగము హెచ్చగనే స్టీరింగు చేతిలో వణకును. అన్నియు క్రొత్త సామానులే గదా, ఈ జబ్బులెందుకు?

మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తా సమీపమున అంబాసడరును 1950 దశకము చివరనుండి 2014 వరకు తయారుచేసిరి. పాత నమూనాలలో ముందు చక్రములకు చుట్టల స్ప్రింగు లేదు. బండి పొడవున అమర్చిన ఉక్కు కడ్డీయే ఒక్కొక్క చక్రమునకు స్ప్రింగు. చక్రము పైకి లేచినపుడు దాని చేయి ఈ కడ్డీని, తడిబట్టను పిండినట్లు, మెలిపెట్టును. కడ్డీ తిరిగి మునుపటి స్థితికి రాజూచును. దీనినే టార్షన్ బార్ అందురు. దీని గట్టితనము వ్యాసముయొక్క నాల్గవ ఘాతమును బట్టి యుండును. ఉదాహరణకు 25 మిల్లీమీటర్ల కడ్డీ తుప్పుతిని 24 అయినచో, తగ్గినది 4 శాతమే అయినను గట్టితనము సుమారు 15 శాతము పోవును! ఇట్టి కడ్డీలను తయారుచేయునపుడే ఒకే దిక్కునకు మెలిపెట్టి పదును చేయుదురు. కావున కుడిదానిని ఎడమకు మార్చరాదు.

బండి ఒరిగినదని వెంటనే కడ్డీని తిప్పబోవుట తొందరపాటు. తప్పు వెనుక పట్టీలదై యుండవచ్చును. నాలుగు కాళ్ల మంచము మిట్టపల్లముల నేలపై ఊగును, ముక్కాలిపీట ఊగదు. ఈ చిన్న సంగతియే ఇచట పరీక్ష. చదునైన గచ్చుమీద బండిని నిలిపి, ముందు చక్రములకు అడ్డు పెట్టి, వెనుక ఇరుసును సరిగా నడుమ జాకీతో కొంచెము ఎత్తవలెను. ఇప్పుడు బండికి మూడే కాళ్లు. వెనుకభాగము ఎటు కావలసిన అటు ఒరుగగలదు గనుక, ముందుభాగము తన నిజస్థితిని చూపును. ముందు రెండు వైపుల ఎత్తు సమానమైనచో దోషము వెనుకది. అప్పటికిని ఒరుగుచునే యున్నచో ముందుది. జాకీని నమ్మి బండి క్రింద దూరరాదు.

ముందుదే అయినచో, పెక్కుసారులు దోషము బిగింపులో నుండును. రబ్బరు బుష్షు నట్టు బిగియగనే అందలి ఇనుపగొట్టము కదలదు. చేయి ఊగునపుడు రబ్బరే మెలితిరుగును. చక్రములు వ్రేలాడుచుండగా బిగించినచో, బండిని దించగనే రబ్బరు మెలిపడి బండిని ఎత్తిపట్టును, కొలదికాలములో చినుగును. రెండు వైపుల వేర్వేరు స్థితులలో బిగించినచో ఒరుగు తప్పదు. నట్లు వదులుగా నుంచి, బండిని నేలకు దించి, చేతులతో ముందువెనుకలకు త్రోసి, పిమ్మట బిగింపవలెను. విప్పి బిగించుటయే మందు, ఖర్చు లేదు.

ఇక వణకు. ఉయ్యాలను దాని లయకు తగినట్లు త్రోసిన కొలది ఊపు పెరుగును. బరువు సమముగా లేని చక్రము తిరుగుచు త్రోయు లయ, చక్రపు సహజపు ఊపుతో కలిసిన వేగముననే వణకు ప్రబలును. అందుచేతనే అది ఒక వేగమున వచ్చి, దాటగనే తగ్గును. కాని కీళ్లలో సందు లేకున్న అంతగా పెరుగదు. చక్రమును నేలనుండి ఎత్తి, గడియారపు 12, 6 అంకెల తావులలో పట్టి ఊపుడు. సందు కనబడినచో ఒకరిని బ్రేకు త్రొక్కుమనుడు. సందు మాయమైనచో బేరింగు వదులు. నిలిచినచో కింగ్ పిన్నుది. 9, 3 అంకెలవద్ద మాత్రమే ఆడినచో స్టీరింగు కడ్డీల కొనలు చూడవలెను. ఇవి ఊడినచో చక్రము చెప్పినట్లు వినదు. ఆ బండిని త్రోవకు తేరాదు.

ముందు చక్రముల కొనలు ఒకింత లోనికి మొగ్గియుండు టో ఇన్ కొలత అన్నిటికన్న చివరిది. బండి ఎత్తు మారినచో అదియు మారును గనుక, ఒరుగు తీరకమునుపే దానిని సరిచేసినచో మరల చేయవలసివచ్చును.