నల్లమల కనుమదారి: అపోహలు – వాస్తవాలు

పాతబస్తీలో శాలిబండ మెకానిక్కు దుకాణముల ముందు చాయి త్రాగుచు నిలిచిన యువకులు కొండదారుల ప్రసక్తి తెచ్చినప్పుడెల్ల, సంభాషణము దక్కనును వదలి నేరుగా లడఖునకే ఎగబ్రాకును. ఖర్దుంగ్ లా ఎక్కిరానివాడు మోటారు సైకిలు నడిపినవాడే కాడని వారి నిశ్చయము; ప్రపంచమునందెల్ల అత్యున్నతమైన మోటారు మార్గము అదియేనని నమ్మకము. అచ్చటి ఫలకముపై 18,380 అడుగులని వ్రాసియుండుటయే ఈ నమ్మకమునకు ఆధారము గాని, తరువాతి కొలతలలో ఆ కనుమ ఎత్తు రమారమి 17,580 అడుగులని తేలినది. 2021లో గిన్నిసువారి గుర్తింపు పొందినది 19,024 అడుగుల ఉమ్లింగ్ లా మార్గము.

ఎత్తు మాట అటుండనిండు. చాంద్రాయణగుట్ట దాటి, బార్కస్, పహాడీ షరీఫు, తుక్కుగూడల మీదుగా దక్షిణమునకు సాగు శ్రీశైలము రహదారి, మన్ననూరు చెక్‌పోస్టు కడ నల్లమలలో ప్రవేశించి, ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంటలను గడచి, వంకరలు తిరుగుచు కృష్ణాలోయలోనికి దిగి, ఆనకట్ట దిగువనున్న వంతెన దాటి మరల కొండనెక్కును. గడపముందు మొదలగు ఇట్టి సౌందర్యమును చూడకయే హిమాలయములకై అప్పులు చేయుట నాకు వింతగానే తోచును. ఈ దారికి బుల్లెట్టే కావలెననుటయు వట్టిమాట. నూరు సీసీ బండ్లపై దంపతులు మల్లన్న దర్శనమునకు నిత్యము పోవుచునే యున్నారు.

అర్ధరాత్రి చార్మినారు కడ బయలుదేరి ఆనకట్టపై సూర్యోదయము చూతమనుకొనువారు మన్ననూరు గేటు ముందు దోమలతో తెల్లవార్చుదురు. అది అమ్రాబాదు పులుల అభయారణ్యము. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 వరకు మృగములు నిర్భయముగా దాటుటకై రాకపోకలు నిషిద్ధములు.

అన్నిటికంటె ప్రమాదకరమైన అపోహ దిగుడులో న్యూట్రలు వేసినచో పెట్రోలు మిగులుననుట. గేరు విడిచిన బండిని ఇంజను పట్టి ఉంచజాలదు. భారమంతయు బ్రేకులపై బడి, డిస్కు కాగి, లోని ద్రవము మరిగి, అంతవరకు గట్టిగా నున్న లివరు హఠాత్తుగా మెత్తబడి పిడికిలిలోనికి వచ్చును. ఇక ఆదా మాట: ఫ్యూయల్ ఇంజెక్షను బండ్లలో చాలవరకు, గేరులో నుండగా యాక్సిలరేటరు పూర్తిగా వదలినచో ఇంధనము తనంతట తానే ఆగును, న్యూట్రలులో మాత్రము ఇంజను ఆరిపోకుండుటకు పెట్రోలు కాలుచునే యుండును. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనను లారీ డ్రైవర్ల పాతమాట ముమ్మాటికి నిజము. ముందు బ్రేకు పట్టినచో బోర్లపడుదుమనుటయు సగము భయమే. బ్రేకు పడగానే బరువు ముందు చక్రముపైకి వచ్చును గావున బండిని నిలుపునది ప్రధానముగా ముందు బ్రేకే; అయితే దానిని మలుపునకు ముందే, మెల్లగా పట్టవలెను.

వేగముగా దిగువానికే దారి ఇవ్వవలెనని మరికొందరి వాదము. మన రహదారి నిబంధనలలో, వెడల్పు చాలని ఘాట్‌లో దిగువాడు ఆగి ఎక్కువానికి దారి విడువవలెనని స్పష్టముగా కలదు.

కోతులకు అరటిపండ్లు విసరుట పుణ్యమని తలచువారి వలన ఆ కోతులు అడవి మేత మాని మలుపులలోనే కాచుకొనియుండును. తినుబండారపు సంచిని హ్యాండిలుకు తగిలించుకొని వచ్చువానిపైకి అవి దూకినప్పుడు, రెండు చక్రములపై నున్నవానికి తప్పించుకొను చోటుండదు.